రాతి తలుపు ముందు ఏ మాట? మాయాకథకు మంత్రపదం ఎంచుకునేవారి కోసం

గుణుపురంలో ఆదివారం ఉదయం మా వరండాలో పదిమంది పిల్లలు చేరతారు. బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తెలుగు రాత చేతిలో నిలవాలని నేను వాళ్లచేత కథలు రాయిస్తుంటాను. మొన్న వేసవిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తన నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఐదు పేజీల కథ. ఇద్దరు అన్నదమ్ములు, వంశధార ఒడ్డున ఒక కొండ, ఆ కొండలో రాతి తలుపు. తమ్ముడు తలుపు ముందు నిలబడి గట్టిగా అరిచాడు అని రాసి, కొటేషన్ గుర్తులు పెట్టి, వాటి మధ్య బొటనవేలు పట్టేంత జాగా ఖాళీగా వదిలేసింది.

"మాష్టారూ, ఇక్కడ ఏం రాయమంటారు? అబ్రకదబ్ర అయితే అందరూ రాసేస్తారు కదా" అంది.

ఆ జాగా దగ్గర పెద్ద రచయితలు తడబడటం కూడా చూశాను. రాక్షసుడి కోరలు, కోట బురుజులు, గుర్రం రంగు అన్నీ ఓపికగా వర్ణిస్తారు. మంత్రం దగ్గరికి వచ్చేసరికి చేతికందిన మాట వేసి ముందుకు వెళ్లిపోతారు. కథ బిగువంతా ఆ ఒక్క మాట మీద నిలబడుతుందని నా గట్టి నమ్మకం. మంత్రం ఫలించినప్పుడు తలుపు తెరుచుకుంటుంది, కథ ఒక అడుగు ముందుకు వెళుతుంది. అది తప్పినప్పుడే పాఠకుడు పుస్తకం మీదికి వంగుతాడు. అందుకని ఏ మంత్రపదం నా ముందుకు వచ్చినా మొదట అడిగేది ఇదే: ఈ మాట ఎలా తప్పుతుంది? మరిచిపోవడం వల్లా, ఉచ్చారణ చెడటం వల్లా, చోటు మారడం వల్లా? జవాబు దొరికితే ఆ మాట పనికొస్తుంది.

ముందు అబ్రకదబ్ర సంగతే తేల్చుకుందాం. పాతబడిన మాట అని దాన్ని తోసేసేవాళ్లకు దాని పుట్టుక తెలియదు. గారడీవాడు టోపీలోంచి కుందేలును తీయడానికి పుట్టిన మాట కాదది. జ్వరం దింపడానికి పుట్టింది. రోమన్ల కాలంలో, క్రీ.శ. 2, 3 శతాబ్దాల నాటి సెరెనస్ సమ్మోనికస్ పేరున ఉన్న వైద్య పద్యగ్రంథంలో అది మొదటిసారి కనిపిస్తుంది. విడిచి విడిచి వచ్చే ఒకరకం జ్వరానికి ఆయన చెప్పిన చికిత్స ఇది: మాటను పూర్తిగా రాయాలి. దాని కింద చివరి అక్షరం వదిలేసి మళ్లీ రాయాలి. అలా వరుసకొక అక్షరం తగ్గించుకుంటూ ఒకే అక్షరం మిగిలేదాకా రాసి, ఆ రాతను అవిసె నారతో మెడకు కట్టాలి. మాట అరిగినట్టే జ్వరమూ అరిగిపోతుందని నమ్మకం. 1665లో లండన్‌ను ప్లేగు పట్టినప్పుడు కూడా జనం ఈ త్రికోణాన్నే ఆశ్రయించారని డేనియల్ డీఫో 1722లో రాశాడు. మాటకు అరమాయిక్ నుంచీ హీబ్రూ నుంచీ రకరకాల వ్యుత్పత్తులు చెబుతారు, వాటిలో ఏదీ రుజువు కాలేదు.

కొరాపుట్, రాయగడ మన్యంలో బతికినవాళ్లకు ఇది పరాయి సంగతి కానే కాదు. చలిజ్వరం మన ఇళ్లకు పాత చుట్టం. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్లు టకటకలాడతాయి. మర్నాడు మనిషి ఏమీ ఎరగనట్టు లేచి తిరుగుతాడు. ఆ మర్నాడు మళ్లీ అదే వేళకు వణుకు. ఎవరో ఒంట్లోకి వచ్చి పోతున్నారని అనిపించక ఏం చేస్తుంది? మనవడి మెడలో రాగి తాయెత్తు కట్టిన మన అమ్మమ్మా, ఆ రోమన్ వైద్యుడూ ఒకే దారిలో ఆలోచించారు. తాయెత్తును కథలోనే ఉంచండి, ఇంట్లో ఎవరికైనా చలిజ్వరం వస్తే రక్తపరీక్షకు తీసుకెళ్లండి.

ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి పెన్సిలు తీసుకుని త్రికోణం రాసింది.

అబ్రకదబ్ర
అబ్రకద
అబ్రక
అబ్ర
అ

రోమన్ లిపిలో ఈ మాటకు 11 అక్షరాలు, కాబట్టి 11 వరుసలు పడతాయి. మన లిపిలో ఒత్తు అక్షరంతో పాటే పోతుంది కనుక ఐదు వరుసల్లో అయిపోయింది. "తెలుగులో జ్వరం ఇంత తొందరగా తగ్గిపోతుందా?" అని అడిగింది. పక్కనే కూర్చున్న ఒడియా స్నేహితురాలికి తెలుగు లిపి రాదు, నోటితో చెప్పి పలకమంటే "ఒబ్రొకొదొబ్రొ" అంది. ఒడియాలో అకారాన్ని ఒకారానికి దగ్గరగా పలుకుతారు, జగన్నాథుడు వాళ్ల నోట జొగొన్నాథొ అవుతాడు. చూశారా, ఒక్క మాటకు రెండు కథలు దొరికాయి: ఐదు మెట్ల తాయెత్తు ఒకటి, సరిహద్దు దాటగానే అచ్చులు మారిపోయిన మంత్రం ఇంకొకటి.

కాబట్టి మీ కథలో రోగం, వయసు, శాపం లాంటి తరిగిపోయే వస్తువు ఉంటే అబ్రకదబ్రను నిస్సంకోచంగా వాడండి. వరుస వరుసకూ ఒక అక్షరం రాలనివ్వండి. ఉత్తినే మెరుపు మెరిపించడానికైతే మాత్రం దాని జోలికి పోవద్దు, పాఠకుడి చెవి ఆ చప్పుడుకు ఎప్పుడో మొద్దుబారింది. హోకస్ పోకస్‌ది కూడా ఇదే దారి. 17వ శతాబ్దపు ఇంగ్లండు గారడీవాళ్ల మాట అది. చర్చి పూజలోని లాటిన్ వాక్యాన్ని వెక్కిరించగా పుట్టి ఉంటుందని 1694లో టిల్లట్సన్ అనే మతాచార్యుడు ఊహించాడు. ఆ వెక్కిరింపు మన పాఠకుడికి తగలదు, అందుకని తెలుగు కథలో దానికి పని లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన రకం: వంటింట్లో దొరికే మాట. అలీబాబా గుహ తలుపు నువ్వుల పేరు చెబితే తెరుచుకుంటుంది. ఆ కథను 1709లో పారిస్‌లో, అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ అనే యువకుడు ఫ్రెంచి పండితుడు ఆంట్వాన్ గాలాఁకు నోటితో చెప్పాడు. గాలాఁ ఫ్రెంచిలో రాసిన ఆ కథ ఆయన పోయాక 1717లో అచ్చయింది. అన్ని గింజలుండగా నువ్వులే ఎందుకు? నువ్వుకాయ ఎండితే దానంతట అదే నోరు విచ్చుకుంటుంది. అందుకే రైతు పూర్తిగా ఎండకముందే కోసి, కట్టలు కట్టి నిలబెట్టి, ఆరిన తర్వాత తిరగేసి దులుపుతాడు. తలుపుకూ నువ్వుకూ చుట్టరికం అక్కడ కలిసిందని కొందరు అంటారు. చేలో నువ్వుకట్ట దులిపినప్పుడు వచ్చే జలజల చప్పుడు విన్నవాడిని కాబట్టి నేను దాన్ని నమ్ముతాను.

ఈ మాట గొప్పదనం కాశిం దగ్గర బయటపడుతుంది. అలీబాబా అన్న కాశిం గుహలోకి వెళ్లి, బంగారం చూసి, మాట మరిచిపోతాడు. బార్లీ అంటాడు. గుర్తొచ్చిన గింజల పేర్లన్నీ ఒక్కొక్కటే పిలుస్తాడు. తలుపు కదలదు, దొంగలు వచ్చి చంపేస్తారు. అర్థం లేని మాట మరిచినవాడు నోరు తెరిచి నిలబడతాడు, అక్కడితో సరి. నువ్వులు మరిచినవాడు మాత్రం తనకు తెలిసిన పంటలన్నీ వల్లిస్తూ చస్తాడు. ఎంత భయంకరంగా ఉందో ఆలోచించండి. ఇంట్లో ప్రతిరోజూ వాడే మాట నాలుక చివర ఉండి రాకపోవడం మనలో ప్రతి ఒక్కరికీ తెలిసిన బాధే.

మన ప్రాంతంలో ఈ ఉపాయం ఇంకా పదునెక్కుతుంది. పాఠ్యపుస్తకంలో రాగులు అని ఉంటుంది. ఇక్కడి తెలుగు ఇళ్లలో చోళ్లు అంటాం. సంతలో ఒడియావాళ్లు మాండియా అంటారు. కాశిం గింజ మార్చాడు, తలుపు తెరుచుకోలేదు. మన కథలో అన్న గింజ మార్చడు. గుప్పిట్లో అదే గింజ పెట్టుకుని, దాన్ని తనకు తెలిసిన పేరుతో పిలుస్తాడు. తలుపు చెవికి ఆ పేరు తెలియదు. బతుకంతా రెండు మూడు భాషల మధ్య తిరిగే పిల్లలకు ఈ ఆపద విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇంగ్లిషు రచయిత టోల్కీన్ 1954 నాటి నవలలో గని తలుపుకు తాళంచెవి మిత్రుడు అనే మాటే. తలుపు మీద ఆ మాట రాసే ఉంటుంది, అయినా దాన్నే పలకాలని ఎంతోసేపటికి గానీ తోచదు. సాదా మాటలకు ఉన్న బలం అది, కళ్లెదుటే దాక్కుంటాయి.

వాటి బలహీనత కూడా చెప్పాలి. సముద్రాన్ని ఇంకించే మంత్రం, చచ్చినవాళ్లను లేపే మంత్రం చోళ్లు అంటే పాఠకుడు నవ్వుతాడు. తలుపులకు, పెట్టెలకు, దారులకు అవి చాలు. అంతకు మించిన పనికి గంభీరమైన నాదం కావాలి. అక్కడే చాలామంది చెయ్యి బీజాక్షరాల మీదికి వెళుతుంది.

హ్రీం, శ్రీం, క్లీం. వినడానికి గుండెలో గంట మోగినట్టు ఉంటాయి, నిజమే. కానీ అవి ఇవాళ్టికీ జపంలో ఉన్నవి. రాయగడలో మజ్జిగౌరమ్మ గుడి మెట్లెక్కి వచ్చిన పెద్దావిడ సాయంత్రం మనవరాలి కథ చదివితే, తాను పొద్దున కళ్లు మూసుకుని పలికిన అక్షరంతో ఎవడో మేకగా మారి ఉంటాడు. అది ఆమెను నొప్పిస్తుంది. ఒకరి పూజగదిలోంచి మాట తెచ్చి మన కథకు అలంకారం చేసుకోవద్దని నా అభిప్రాయం, ఈ విషయంలో నేను రాజీపడను.

మరి మంత్రగాడి పాత్ర వస్తే? అక్షరాలు రాయకండి. మహాభారతం చూపిన దారి ఉంది. కర్ణుడు బ్రాహ్మణుడినని అబద్ధమాడి పరశురాముడి దగ్గర బ్రహ్మాస్త్రం నేర్చుకున్నది మహేంద్రగిరి మీద. ఆ కొండ మన గజపతి జిల్లాలోనే ఉంది, సుమారు 1500 మీటర్ల ఎత్తు. పురుగు తొడను తొలిచినా గురువు నిద్ర చెడకూడదని కదలకుండా కూర్చున్నాడు, ఆ ఓర్పే అతని అబద్ధాన్ని బయటపెట్టింది. అవసరమైన వేళకు మంత్రం గుర్తుకు రాకుండా పోవుగాక అని శాపం పడింది. అక్కడ మంత్రం అక్షరాలు మన చెవిన పడవు. వినాలని మనకూ అనిపించదు. కురుక్షేత్రంలో రథచక్రం కుంగినప్పుడు అతని పెదవుల మీద ఏమీ రాకపోవడమే మనకు చాలు. పెద్ద పనికి పెద్ద మాట వెతుక్కోవడం కంటే, ఆ మాటను అసలు వినిపించకపోవడం ఎన్నో రెట్లు మంచి ఎంపిక.

పలుకు తప్పడం గురించి మన వాఙ్మయంలో ఇంతకంటే పాత కథ తైత్తిరీయ సంహితలో ఉంది. కొడుకును ఇంద్రుడు చంపాడన్న కోపంతో త్వష్ట యజ్ఞం చేసి, ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని ఆహుతి వేశాడు. 'ఇంద్రశత్రు' అన్న సమాసంలో స్వరం, అంటే పలుకులోని హెచ్చుతగ్గు, ఒక చోట పడాల్సింది ఇంకో చోట పడింది. అక్షరం ఒక్కటీ మారలేదు, అర్థం తిరగబడింది. ఇంద్రుణ్ణి చంపేవాడికి బదులు ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు పుట్టాడు, వాడే వృత్రుడు. ఒత్తు, దీర్ఘం, హల్లు మారితే అర్థం మారిపోయే భాష మనది. పాట, పాత, కల, కళ. ఈ సంపద చేతిలో పెట్టుకుని మంత్రపదం కోసం పరాయి ఊళ్లు తిరగడం ఎందుకు?

అర్థంపర్థం లేని జానపద మంత్రాల తోవ ఇంకొకటి ఉంది. పిల్లల ఆటల్లో ఛూ మంత్రకాళి ఆ తోవలోదే. శాబర మంత్రాలని పేరు, శివుడు శబరుడి రూపంలో చెప్పాడని నమ్మిక. వాటిలో అక్షరాలు పొసగవు, అర్థం ఉండదు, అయినా మహేశ్వరుడి మహిమ వల్ల పనిచేస్తాయని తులసీదాసు రామచరితమానసం బాలకాండలో చెప్పాడు. హాస్యకథకూ, వేదిక మీద నాటకానికీ ఈ రకం చక్కగా అతుకుతుంది. లయ ఉంటుంది, పిల్లలు ఇట్టే పట్టేసుకుని పాత్రతో పాటు అరుస్తారు.

అయితే శబర అనగానే మనకు గుణుపురం, పర్లాకిమిడి కొండల సవరలు గుర్తొస్తారు. వాళ్ల మాటలు నాలుగు ఏరుకొచ్చి గజిబిజి మంత్రంగా వాడిన కథలు కొన్ని నా చేతికి వచ్చాయి, చదువుతుంటే మనసు కష్టపడింది. సవర ఒక భాష. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి ఏళ్లతరబడి దాన్ని నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువు అచ్చువేయించారు. 1936లో మంగెయి గొమాంగో ఆ భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని కూర్చాడు. ఆ అక్షరాలను సవరల్లో కొందరు అక్షరబ్రహ్మగా ఇప్పటికీ పూజిస్తారు. అదే ఏడాది ఒడిశా వేరే రాష్ట్రమై, మన ఊళ్లు ఇటువైపు వచ్చాయి. లిపినే దైవంగా కొలిచే పొరుగువాళ్లు ఉన్నచోట, వాళ్ల మాటను అర్థం లేని చప్పుడుగా చూపించడం తగదు. ఆ లోకం కథలోకి రావాలంటే వెళ్లి నేర్చుకుని, అడిగి, అర్థంతో సహా తీసుకురండి.

సొంతంగా మాట పుట్టించాలనుకునేవారికి రెండు నమూనాలు చెబుతాను. అమెరికా బొమ్మల కథల్లో 1940లో వచ్చిన షజామ్ ఆరుగురి పేర్ల మొదటి అక్షరాల మూట: సోలమన్, హెర్క్యులీస్, అట్లాస్, జ్యూస్, అకిలీస్, మెర్క్యురీ. ఒక్కొక్కరి నుంచి ఒక్కొక్క శక్తి. ఈ పద్ధతి తెలుగులో ఇంకా బాగా కుదురుతుంది, మన అక్షరానికి అచ్చు తోడుంటుంది కాబట్టి ఏ ఐదు పేర్లు తీసుకున్నా పలకగలిగే మాటే వస్తుంది. వంశధార, నాగావళి, మహేంద్రగిరి కలిపితే వనామ. ఇక రెండోది 1970లలో వచ్చిన కంప్యూటర్ ఆటలోది. ఎక్స్, వై, జెడ్, జెడ్, వై అని టైపు చేస్తే ఆటగాడు పైనున్న ఇంట్లోంచి గుహలోకి, గుహలోంచి ఇంట్లోకి వచ్చిపడతాడు. వేరే చోట టైపు చేస్తే ఏమీ జరగదనే జవాబు వస్తుంది. పలకడానికి వీల్లేని ఆ మాటను మీరు తీసుకోనక్కర్లేదు, చోటుకు కట్టుబడి ఉండటమనే నియమాన్ని తీసుకోండి. వంశధార ఈ ఒడ్డున పనిచేసి ఆ ఒడ్డున మూగబోయే మంత్రం ఎంత కథనైనా మోయగలదు.

పుట్టించిన మాట చెవికి కొంత తెలిసినట్టు ఉండాలి. 'మాయాబజార్' (1957)కు మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు అస్మదీయులకు జోడుగా తసమదీయులను పుట్టిస్తే జనం మారు ప్రశ్న వేయలేదు. మొదటిది సంస్కృతంలో ఉన్న మాట, రెండోది దాని నీడ. ఏ వేరూ లేకుండా క్ర, ఘ్ర, ఢ్ర గుప్పించి చేసిన పదాన్ని పాఠకుడు మనసులో కూడా పలకడు, కన్ను దాటేస్తుంది.

పేరే మంత్రమయ్యే కథలు వేరే తరహా. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1968 నవలలో ప్రతి వస్తువుకూ అసలు పేరు ఒకటి ఉంటుంది, అది తెలిసినవాడికి ఆ వస్తువు లొంగుతుంది. మనకు ఇది పుస్తకంలో చదివితే తెలిసే సంగతి కాదు. రాత్రిపూట పామును పాము అనకుండా పురుగు అనడం మన ఇళ్లలో చూస్తూనే పెరిగాం. పేరు పెట్టి పిలిస్తే వస్తుందన్న భయం ఎంత పాతదో అంత బలమైనది. పెద్ద నవల రాస్తున్నవారు దీన్ని పునాదిగా వేసుకోవచ్చు, చిన్న కథకు ఇంత బరువు అక్కర్లేదు.

మౌనాన్ని కూడా లెక్కలో వేసుకోండి. భేతాళుడిని మోస్తున్న విక్రమార్కుడికి నోరు మెదపకపోవడమే మంత్రం. జవాబు తెలిసి చెప్పక తప్పనప్పుడు మౌనం చెదురుతుంది, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. కొరాపుట్ జిల్లా నందపురంలో బత్తీసా సింహాసనమని చూపించే 32 మెట్ల రాతికట్టడం దగ్గర నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ రాజు పరాక్రమం కాదు, బిగబట్టిన ఆ పెదవులు.

నన్ను అడిగితే, పదేళ్లలోపు పిల్లల కథకు వంటింటి మాట వాడండి. నాటకానికి లయ ఉన్న జానపద మంత్రం, దెయ్యాలూ శాపాలూ ఉన్న కథకు అరిగిపోయే అబ్రకదబ్ర. యుద్ధాలూ రాజ్యాలూ ఉన్న నవలకు సొంతంగా కట్టిన మాట, లేదా వినిపించని మాట. ఏది ఎంచుకున్నా కథలో దాన్ని మూడుసార్లకు మించి పలికించకండి. ఒకసారి ఫలించాలి, ఒకసారి తప్పాలి, మూడోసారి ఏమవుతుందో పాఠకుడికి ముందే తెలియకూడదు. రాశాక వేరే యాస, వీలైతే వేరే భాష మనిషిచేత పైకి పలికించి వినండి. మా వరండాలో ఆ ఒడియా పిల్ల పలికిన ఒక్క మాట నాకు ఎన్నో పుస్తకాలంత పనిచేసింది.

వారం తిరిగాక ఆ అమ్మాయి నోటుపుస్తకం మళ్లీ తెచ్చింది. ఖాళీ జాగాలో మాండియా అని తెలుగు లిపిలో రాసి ఉంది. తమ్ముడు సంతలో మాండియా అమ్మే ముసలమ్మ దగ్గర ఆ మాట విన్నాడట. తమ్ముడి వెనకాలే దొంగచాటుగా వెళ్లిన అన్న ఇప్పుడు గుహ లోపల ఉన్నాడు, తలుపు మూసుకుంది. చోళ్లు అన్నాడు. రాగులు అన్నాడు. గుప్పెడు గింజలు తలుపు కేసి విసిరికొట్టాడు. ఆ తర్వాత పేజీ తెల్లగా ఉంది.

"వాడికి ఒడియా రాదా?" అని అడిగాను.

"వచ్చు మాష్టారూ. బడిలో నేర్చుకున్నాడు. కానీ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు" అని, పెన్సిలు చెక్కుకోవడానికి మెట్ల మీదికి వెళ్లింది.